సైనిక పోరాట శిక్షణ, యుద్ధకళల నైపుణ్యం: ముఖాముఖి పోరులో తేడాలు

పరిచయం

ఇస్మాయిల్‌ఖాన్‌పేట, కంది, సంగారెడ్డి ప్రాంతాల అభ్యాసకులకు సైన్యం కొత్త విషయం కాదు. పక్కనే ఉన్న ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారంలో పదాతిదళం వాడే 'శరత్' పోరాట శకటాలు తయారవుతాయి. తెల్లవారుజామున సైనిక నియామకాల కోసం పరుగు సాధన చేసే యువకులు ఊరూరా కనిపిస్తారు. సాయంత్రాలు కరాటే, తైక్వాండో తరగతులు నడుస్తుంటాయి. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో చాలా గేట్ల దగ్గర కాపలా ఉద్యోగాల్లో మాజీ సైనికులుంటారు. అందుకే ఇక్కడ ఒక ప్రశ్న తరచు వినిపిస్తుంది: మిలటరీలో పనిచేసినవాడూ, బ్లాక్ బెల్టు ఉన్నవాడూ తలపడితే ఎవరు నెగ్గుతారు?

ఈ ప్రశ్నను ఇలాగే ఉంచితే జవాబు దొరకదు. ఎక్కడ, ఎందుకు, చేతిలో ఏముండగా, పక్కన ఎవరుండగా తలపడ్డారన్నది ముందు తెలియాలి. ఈ పాఠ్యభాగంలో రెండు శిక్షణల ఉద్దేశాలు, సాధన పద్ధతులు, వాటి పరిమితులు పరిశీలిద్దాం.

సైనికుడు నిజానికి నేర్చుకునేది

సైనికుని ప్రాథమిక శిక్షణ కొద్ది నెలలే సాగుతుంది. ఆ వ్యవధిలో కవాతు, రైఫిల్ వాడకం, గురి, ప్రథమ చికిత్స, పటం చదవడం, బరువు మోస్తూ నడవడం, అడ్డంకులు దాటడం, రాత్రిపూట కదలడం అన్నీ పట్టుబడాలి. వట్టి చేతుల పోరాటానికి మిగిలే గంటలు తక్కువ. సినిమాలు చూసి ఏర్పడిన అభిప్రాయం ఇక్కడే తప్పుతుంది. సైనికునికి చేతిపోరు ప్రధాన విద్య కాదు. రైఫిల్ పనిచేయనప్పుడు, తిరిగి ఆయుధం అందేదాకా ప్రాణం నిలుపుకోవడానికి ఉపయోగపడే మార్గం మాత్రమే.

అందువల్ల సైన్యాలు ఎంచుకునే మెళకువలు కొద్దిగా, మొరటుగా ఉంటాయి. డబ్ల్యు. ఇ. ఫెయిర్‌బెయిర్న్ ఇందుకు మంచి ఉదాహరణ. షాంఘై నగర పోలీసు శాఖలో పనిచేస్తూ జుజుత్సు నేర్చిన ఈ అధికారి, రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కమాండోలకు శిక్షణ ఇచ్చాడు. తానెన్నో ఏళ్లు నేర్చినదంతా సైనికులకు చెప్పడానికి వ్యవధి లేదని అతనికి తెలుసు. అరచేతి మడమతో గడ్డం కింద కొట్టడం, మోకాలితో పొడవడం వంటి కొన్నింటినే ఏరి, అలవాటయ్యేదాకా చేయించాడు. భయంతో గుండె వేగం పెరిగినప్పుడు వేళ్లతో చేసే సున్నితమైన పనులు తడబడతాయి, పెద్ద కండరాల కదలికలు మిగులుతాయి. ఆ ఎంపిక వెనుక ఉన్న కారణం ఇదే.

మరి సైనిక శిక్షణ బలం ఎక్కడుంది? అలసట, చలి, నిద్రలేమి, భయం అన్నీ ఉన్నా ఆజ్ఞ ప్రకారం పనిచేయడంలో ఉంది. పక్కవాడిని వదలకుండా కలిసి కదలడంలో ఉంది. ఒంటరిగా పదిమందిని కొట్టేవాడిని తయారుచేయాలని ఏ సైన్యమూ అనుకోదు. పదిమందిని ఒక్కరిలా నడిపించాలనుకుంటుంది.

యుద్ధకళాకారుని బలం: ఎదురు తిరిగే జోడీ

యుద్ధకళల్లో వేళ్ల మీద లెక్కపెట్టే గంటలు కాదు, ఏళ్ల సాధన ఉంటుంది. అయితే ఏళ్లు గడవడం ఒక్కటే చాలదు. సాధన ఎవరితో, ఎలా జరిగిందన్నది అంతకన్నా ముఖ్యం.

జపాన్‌లో జిగోరో కానో 1882లో కొడోకాన్ స్థాపించి జూడోకు రూపమిచ్చాడు. పాత జుజుత్సులో ఎముకలు విరిచే, కళ్లు పొడిచే ప్రమాదకర మెళకువలుండేవి. వాటిని జోడీ మీద పూర్తి బలంతో సాధన చేయలేరు. చేస్తే మరునాటికి జోడీ మిగలడు. కానో వాటిని స్వేచ్ఛా సాధన నుంచి పక్కన పెట్టాడు. మిగిలిన పట్లు, విసుర్లు మాత్రం ఎదుటివాడు శక్తికొద్దీ ప్రతిఘటిస్తుండగా రోజూ చేయించాడు. చూడటానికి విద్య పలచబడినట్లుంది. కానీ ప్రాణాంతకమైన దెబ్బను గాలిలో వెయ్యిసార్లు విసిరినవాడికన్నా, సాధారణమైన పట్టును కదిలే మనిషి మీద వెయ్యిసార్లు వేసినవాడే పోరులో తడబడడు.

మన తాలీంఖానాలలోని కుస్తీ కూడా ఈ కోవలోదే. ఉస్తాద్ చెప్పిన పట్టును పహిల్వాన్ మట్టిలో మరో పహిల్వాన్ మీదే పరీక్షించుకుంటాడు. కర్రసాములో రెండు పాయలున్నాయి: ఊరేగింపులో తిప్పే కర్ర ఒకటి, ఎదుటి కర్రను కాచుకునే కర్ర మరొకటి. మొదటిది చూడముచ్చటైన ప్రదర్శన. రెండోది పోరు. కరాటే తరగతులకూ ఇదే కొలత వర్తిస్తుంది. జోడీతో పోటీ సాధన లేకుండా, వరుస కదలికలు చూసి ఇచ్చిన బెల్టు నడుముకు బాగుంటుంది గాని, దానివల్ల పోరాట సామర్థ్యం తెలియదు.

ఒకే మనిషిలో రెండూ

నిజామాబాద్‌కు చెందిన బాక్సర్ మహమ్మద్ హుసాముద్దీన్ భారత సైన్యంలో పనిచేస్తున్న క్రీడాకారుడు. 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లోనూ, 2023 తాష్కెంట్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లోనూ కాంస్య పతకాలు గెలిచాడు. అతని చేతి వేగం సైనిక ప్రాథమిక శిక్షణ నుంచి వచ్చింది కాదు. తండ్రి దగ్గర చిన్ననాడు మొదలుపెట్టిన బాక్సింగ్ నుంచి వచ్చింది. సైన్యం తన బాక్సర్లను క్రీడా శిక్షణలో ఉంచి, ఆ విద్యను ఆ విద్యగానే సాగనిస్తుంది. వట్టి చేతులతో, ఒకరికొకరుగా, సమాన బరువులో తలపడితే ఏళ్లపాటు పోటీల్లో ఆడినవాడే మేలని సైన్యానికీ తెలుసునన్నమాట.

అయితే ఆ 'సమాన బరువు' అన్న మాట దగ్గర ఆగండి. హుసాముద్దీన్ తాష్కెంట్‌లో పోటీపడింది 57 కిలోల విభాగంలో. రింగులో మూడేసి నిమిషాల మూడు రౌండ్లు, మధ్యలో విశ్రాంతి, ఒక రిఫరీ ఉంటారు. వీధిలోగాని, సరిహద్దులోగాని ఇవేవీ ఉండవు.

గల్వాన్, 2020 జూన్ 15

తుపాకుల కాలంలో సైనికులు చేతులతో పోరాడవలసి వస్తుందా అన్న సందేహానికి తెలుగువారికి చేరువైన జవాబు గల్వాన్ లోయ. వాస్తవాధీన రేఖకు ఇరువైపులా రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపరాదని భారత్, చైనాలు 1996లో ఒప్పుకున్నాయి. 2020 జూన్ 15 రాత్రి 14వ గస్తీ పాయింటు దగ్గర జరిగిన ఘర్షణలో తూటా పేలలేదు. రాళ్లు, ఇనుప కడ్డీలు, మేకులు దిగ్గొట్టిన దుడ్లు వాడారు. సుమారు 14 వేల అడుగుల ఎత్తు, చీకటి, ఇరుకైన గట్టు, కింద గడ్డకట్టించే చలి నీటి నది.

ఆ రాత్రి 16వ బిహార్ రెజిమెంట్ బెటాలియన్‌కు నాయకత్వం వహించిన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు సూర్యాపేట వాసి, కోరుకొండ సైనిక పాఠశాల పూర్వ విద్యార్థి. ఆయనతో కలిపి 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. తమవారు నలుగురు మరణించారని చైనా 2021 ఫిబ్రవరిలో ప్రకటించింది. సంతోష్‌బాబుకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించారు.

పోరాట పద్ధతి దృష్టితో ఈ ఘటనను చూడండి. ఆ ఎత్తులో గాలిలో ప్రాణవాయువు పలచబడుతుంది, కొద్ది నిమిషాల పెనుగులాటకే ఊపిరి అందదు. ఎత్తుకు అలవాటుపడిన దేహం అక్కడ ఏ మెళకువకన్నా విలువైనది. మందపాటి చలిదుస్తుల్లో ఎత్తైన తన్నులు సాధ్యం కావు. చీకట్లో కర్ర వెనుకనుంచి వస్తుంది. జారితే నదే. మృతుల్లో కొందరి ప్రాణాలు చలి, నీరు తీశాయి. ఇటువంటి చోట వ్యక్తి నేర్పుకు ఉన్న చోటు చాలా చిన్నది. గాయపడినా నాయకుడు నిలబడటం, అతను పడిపోయాక దళం చెదరకపోవడం పెద్దవి. ఇవి సైనిక శిక్షణ ఇచ్చేవి.

అలాగని యుద్ధకళలను సైన్యాలు తీసిపారేయలేదు. ఆ నెలలోనే టిబెట్‌లో మిలీషియాలోకి ఒక మార్షల్ ఆర్ట్స్ క్లబ్బు పోరాటగాళ్లను తీసుకున్నట్లు చైనా అధికార పత్రికలు రాశాయి. వారు గల్వాన్‌లో పోరాడారని మాత్రం దీనికి అర్థం కాదు. భారత సైన్యం తరువాతి ఏళ్లలో 'అమర్' పేరుతో సొంత యుద్ధకళా క్రమాన్ని ప్రవేశపెట్టింది. అమెరికా రేంజర్లు 1990ల మధ్యలోనే బ్రెజిలియన్ జియు-జిట్సు పట్లను పాఠ్యక్రమంలో చేర్చుకున్నారు. కారణం కానో చెప్పినదే: పట్లను గాయాలు కాకుండా పూర్తి బలంతో సాధన చేయవచ్చు.

మీ అవగాహనను పరీక్షించుకోండి: గల్వాన్ వంటి ప్రదేశంలో పోటీ బాక్సింగ్ నైపుణ్యం ఏ మేరకు ఉపయోగపడుతుంది? బరువు విభాగం, నేల, దుస్తులు, వాతావరణం ఆధారంగా పది వాక్యాల్లో రాయండి.

ఫ్యాక్టరీ గేటు దగ్గర

మీలో చాలామందికి ఈ పాఠం అక్కరకు వచ్చేది సరిహద్దులో కాదు, రాత్రి డ్యూటీలో. 2005 ప్రైవేటు భద్రతా సంస్థల నియంత్రణ చట్టం కింద 2006లో వచ్చిన కేంద్ర నమూనా నియమాలు కాపలాదారుకు 100 గంటల తరగతి బోధన, 60 గంటల క్షేత్ర శిక్షణ కనీసంగా పెట్టాయి. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు అది 40, 16 గంటలకు తగ్గింది. అంటే సైనికుని క్రమశిక్షణను చట్టం లెక్కలోకి తీసుకుంది. అయినా పూర్తిగా మినహాయించలేదు. ఎందుకంటే గేటు దగ్గరి పని వేరు. తాగి వచ్చినవాడు శత్రువు కాదు. రేపు పగటి షిఫ్టులో పక్కన నిలబడే కార్మికుడు కావచ్చు. అతని చేతిలో కత్తి కనిపిస్తే మాజీ సైనికుడైనా, బ్లాక్ బెల్టు వారైనా చేయదగింది ఒకటే: దూరం జరగడం, మధ్యలో ఏదైనా అడ్డం పెట్టుకోవడం, కేక వేసి మనుషుల్ని పిలవడం. కత్తిని వట్టి చేతులతో లాక్కునే మెళకువలు తరగతిలో చెక్క కత్తితో బాగా కుదురుతాయి.

ఆ నియమాల్లోని పాఠ్యాంశాల్లో ఆత్మరక్షణ హక్కు కూడా ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఈ హక్కును వివరిస్తాయి. పాత శిక్షాస్మృతిలో ఇవి 96 నుంచి 106. రక్షణకు అవసరమైనదానికన్నా ఎక్కువ హాని చేయరాదని 37వ సెక్షను చెబుతుంది. దేహానికి ప్రమాదం ఉందన్న సహేతుకమైన భయం ఉన్నంతసేపే దేహరక్షణ హక్కు ఉంటుందని 40వ సెక్షను చెబుతుంది. సైనికుని సాధన శత్రువు కూలేదాకా సాగుతుంది. క్రీడాకారుని సాధన రిఫరీ ఆపేదాకా సాగుతుంది. గేటు దగ్గర రిఫరీ లేడు కాబట్టి, ఎదుటివాడు కర్ర పారేసి వెనక్కి తిరిగిన క్షణంలో చేయి ఆపవలసింది కాపలాదారే. ఆ తరువాత వేసిన దెబ్బకు అతనే ముద్దాయి అవుతాడు.