ప్రదర్శనల టిక్కెట్లకు బ్లాక్‌చెయిన్ టోకెన్లు: ప్రయోజనాలు, పరిమితులు

ప్రత్యేక వ్యాసం

సినిమా, నాటకం, క్రీడాపోటీ వంటి ప్రదర్శనలలో టిక్కెట్టు ప్రేక్షకునికి ఆసనంపై హక్కు, నిర్వాహకునికి రాబడి పత్రం, ప్రభుత్వానికి పన్ను ఆధారం. ఈ మూడు లెక్కలూ ఒకదానితో ఒకటి సరిపోలనప్పుడు నల్లబజారు అమ్మకాలకు, నకిలీ టిక్కెట్లకు అవకాశం ఏర్పడుతుంది. పంపిణీ లోపభూయిష్టమైనప్పుడు ప్రాణహాని సైతం సంభవిస్తున్నది. 2022 సెప్టెంబర్ 22న హైదరాబాద్ జింఖానా మైదానంలో క్రికెట్ టిక్కెట్ల కోసం జరిగిన తొక్కిసలాటలో పలువురు గాయపడ్డారు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శన టోకెన్ల జారీ సందర్భంగా జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు భక్తులు మరణించారు. ఈ నేపథ్యంలో టిక్కెట్ల జారీకి బ్లాక్‌చెయిన్ పరిజ్ఞానం ఎంతవరకు ఉపకరించగలదో పరిశీలించడం అవసరం.

రాష్ట్రంలో చట్టపరమైన నేపథ్యం

సినిమా టిక్కెట్ల ఆన్‌లైన్ విక్రయం కోసం 1955 నాటి సినిమాల క్రమబద్ధీకరణ చట్టాన్ని సవరిస్తూ రాష్ట్ర శాసనసభ 2021 నవంబర్‌లో బిల్లును ఆమోదించింది. చలనచిత్రాభివృద్ధి సంస్థ ద్వారా విక్రయాలు జరిపేందుకు 2022 జూన్‌లో జారీ అయిన ఉత్తర్వుల అమలును హైకోర్టు అదే సంవత్సరం జూలై 1న నిలిపివేసింది. సొమ్ము ముందుగా ఎవరి ఖాతాకు చేరాలి, లెక్క ఎవరి వద్ద ఉండాలి అన్నవి ఆనాటి చర్చలో ప్రధానాంశాలు. టిక్కెట్టు ధరలకు సంబంధించి 2022 మార్చి 7న వెలువడిన జి.ఓ. 13 ప్రాంతాన్ని, థియేటర్ స్థాయిని బట్టి ధరలను నిర్ణయించింది. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూ పురపాలక సంఘాలే అయినప్పటికీ, 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణతో తెనాలి గుంటూరు జిల్లాలో ఉండగా, మిగిలిన రెండు పట్టణాలు బాపట్ల జిల్లాలో చేరాయి. అందువలన ఈ ప్రాంతంలో ఏ ఉమ్మడి విధానమైనా రెండు జిల్లాల యంత్రాంగం సమన్వయంతోనే సాధ్యమవుతుంది.

టోకెన్ పనిచేయు విధానం

బ్లాక్‌చెయిన్ అనగా ఒకే ఖాతా పుస్తకం పలువురి వద్ద ఏకకాలంలో ఉండే ఏర్పాటు. ఒకసారి నమోదైన పద్దును ఏ ఒక్కరూ రహస్యంగా దిద్దలేరు. ప్రతి ఆసనానికి ఒక టోకెన్ జారీ చేసి, కొనుగోలుదారు చేతికి అందిన క్షణం నుంచి ప్రవేశద్వారం వద్ద రద్దయ్యే వరకు ప్రతి మార్పిడినీ అందులో నమోదు చేయవచ్చును. గరిష్ఠ పునర్విక్రయ ధర, ఒక్కొక్కరికి ఇచ్చే టిక్కెట్ల సంఖ్య, మార్పిడికి గడువు వంటి నిబంధనలను టోకెన్‌లోనే పొందుపరచవచ్చును.

ఉదాహరణకు తెనాలిలో ఒక నాటక ప్రదర్శనకు రేపల్లె వాసి 100 రూపాయల టిక్కెట్టు కొని, రాలేని పరిస్థితి ఏర్పడినదనుకొందాం. ఆయన ఆ టోకెన్‌ను బాపట్లలోని మరొకరికి అదే ధరకు బదిలీ చేయగానే పాత కోడ్ చెల్లదు. కొత్త కోడ్ కొన్నవారి ఫోన్‌కు చేరుతుంది. పాత కోడ్ ఫొటోతో వచ్చినవారికి ప్రవేశం లభించదు. 2018 ఆగస్టులో ఎస్టోనియా రాజధాని టాలిన్‌లో జరిగిన సూపర్ కప్ ఫుట్‌బాల్ పోటీకి యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ సాధారణ ప్రేక్షకుల టిక్కెట్లను బ్లాక్‌చెయిన్ ఆధారిత మొబైల్ విధానంలోనే పంపిణీ చేసింది.

లెక్కల పారదర్శకత

థియేటర్ యజమాని, డిస్ట్రిబ్యూటర్, బుకింగ్ సంస్థ, పన్నుల శాఖ ఒకే పద్దును చూడగలగడం ఈ విధానపు ముఖ్య ప్రయోజనం. డీసీఆర్ అనబడే రోజువారీ వసూళ్ల పత్రంపై వివాదాలు తగ్గుతాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 100 రూపాయల వరకు గల సినిమా టిక్కెట్లపై జీఎస్టీ 5 శాతం కాగా, అంతకు మించిన వాటిపై 18 శాతం. కనుక టిక్కెట్టును ఏ ధరకు అమ్మారన్నది పన్ను లెక్కింపులో కీలకం.

గమనించవలసిన పరిమితులు

ఒకే సంస్థ టిక్కెట్లు జారీ చేసి, తానే తనిఖీ చేసుకొనే చోట సాధారణ కంప్యూటర్ డేటాబేస్ కూడా ఈ పనులన్నీ చేయగలదు. పరస్పరం పూర్తి విశ్వాసం లేని పలు పక్షాలు ఉన్నప్పుడే బ్లాక్‌చెయిన్‌కు సార్థకత. అదేవిధంగా టోకెన్ వెలుపల చేతులు మారే నగదును ఏ పరిజ్ఞానమూ పసిగట్టలేదు. జారీకి ముందే టిక్కెట్లను దొడ్డిదారిన కేటాయించినట్లయితే ఆ అక్రమమే చెరగని పద్దుగా నమోదవుతుంది.

స్మార్ట్‌ఫోన్ లేని ప్రేక్షకుల కొరకు కౌంటర్ వద్ద నగదు విక్రయం కొనసాగవలెను. అక్కడ ఇచ్చే కాగితపు టిక్కెట్టుపైనా టోకెన్ సంఖ్య ముద్రించవచ్చును. నెట్‌వర్క్ అందనప్పుడు సైతం తనిఖీ జరిగే ఏర్పాటు ప్రవేశద్వారాల వద్ద తప్పనిసరి. ప్రేక్షకుల పేర్లు, ఫోన్ నంబర్లు చెరపరాని పద్దులో చేర్చినట్లయితే, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కల్పించిన తొలగింపు హక్కుకు భంగం కలుగుతుంది. కావున ఆ వివరాలను వేరుగా భద్రపరచవలెను. వర్చువల్ డిజిటల్ ఆస్తుల లాభాలపై 2022 నుంచి 30 శాతం ఆదాయపు పన్ను అమలులో ఉన్నందున, టిక్కెట్టు టోకెన్ ఆ నిర్వచనం పరిధిలోకి వస్తుందా లేదా అన్నది నిర్వాహకులు ముందుగానే నిర్ధారించుకొనవలసి ఉంటుంది.

అందుబాటులో ఉన్న వనరులు

కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ 2024 సెప్టెంబర్ 4న ప్రారంభించిన జాతీయ బ్లాక్‌చెయిన్ వ్యవస్థ ‘విశ్వస్య’ భువనేశ్వర్, పుణె, హైదరాబాద్‌లలోని ఎన్‌ఐసీ డేటా కేంద్రాల నుంచి సేవలందించేలా రూపొందినది. ఇటువంటి అనుమతి ఆధారిత వ్యవస్థలకు క్రిప్టో కరెన్సీతో నిమిత్తం లేదు.

నాటకరంగానికి పేరొందిన తెనాలితో పాటు బాపట్ల, రేపల్లె వంటి పట్టణాలలో తొలుత పరిమిత ఆసనాలు గల ప్రదర్శనలకు ఈ విధానాన్ని పరీక్షించి, ఫలితాలను పాత విధానంతో సరిపోల్చిన పిదపనే విస్తరణను ఆలోచించడం శ్రేయస్కరం. ప్రేక్షకుడు నిర్ణీత ధరకు టిక్కెట్టు పొంది, తోపులాట లేకుండా తన ఆసనానికి చేరగలుగుటయే ఏ టిక్కెట్టు విధానానికైనా గీటురాయి.