దివాన్ దేవిడీ: అంగడియైన యిల్లు

మేడ్చలు నుండి గాని, శామీర్‌పేట నుండి గాని పెండ్లిబట్టలకై హైదరాబాదు పాతబస్తీకి వచ్చువారు మదీనా కూడలి దాటి, ఒక పెద్ద కమాను క్రిందుగా లోనికి పోవుదురు. ఇరుప్రక్కల బట్టల కొట్లు. రండి రండని పిలుపులు. పిల్లలు తప్పిపోవుదురేమోనని తల్లులు వారి చేతులు వదలరు. ఆ సందడిలో తలయెత్తి కమానును చూచువారు అరుదు.

ఆ చోటి పేరు దివాన్ దేవిడీ. పేరులోని రెండు మాటలలో ఒకటియు వర్తకమునకు సంబంధించినది కాదు. దివానన నిజాము ప్రభువుల ప్రధానమంత్రి. దేవిడీ యన వాకిలి. ఆపైన, అట్టి వాకిలి గల గొప్ప యిల్లు. ఈ మాట తెలుగువారికి క్రొత్తది కాదు. లోనికి రానీయకుండుటను ‘దేవిడీమన్నా’ యని మన పెద్దలు వాడుచుండిరి. నిన్నటి దేవిడీమన్నా చోట నేడు పిలిచి కూర్చుండబెట్టి చీరలు పఱచి చూపుచున్నారు.

ఇచటి తొలి కట్టడములను 1804 మొదలు 1808 వఱకు దివానుగా నుండిన మీర్ ఆలం కట్టించెనని చెప్పుదురు. అతని బంధువర్గమువారైన సాలార్‌జంగులు దానిని పెంచిరి. మొదటి సాలార్‌జంగు 1853 మొదలు 1883లో మరణించువఱకు, ముప్పదియేండ్లు, దివాను. కనుక ఇది కాపురపుటిల్లును, సగము కచేరియును. ఒకే మేడయు కాదు. గోడలనిండ అద్దములు తాపిన ఆయినాఖానా, పింగాణీతో అలంకరించిన చీనీఖానా, కొయ్యపనికి పేరొందిన లక్కడ్‌కోట – ఇట్లు పెక్కు భవనములు ఒకే ప్రాకారములో నుండెను.

దేవిడీ కట్టుబడిలోని మర్మ మేమనగా, అది వీథికి వీపు చూపును. వెలుపల ఎత్తయిన గోడ, దానికొక కమాను; అంతే. అందమంతయు లోపలి ముంగిళ్లలో దాగియుండును. నడుమ నీటి హౌజు, దానిచుట్టు కమానులతో దాలానులు, వాని వెనుక గదులు; పురుషుల కొలువునకు మర్దానా, స్త్రీలకు జనానా. వెలుతురును గాలియును ముంగిలినుండియే రావలెను. తెలంగాణపు పల్లెలలోని భవంతి యిల్లును, కోస్తాలోని మండువా లోగిలియు కొలతలో చిన్నవే కాని, నడుమ ఆకాశమును విడిచి చుట్టును ఇల్లు కట్టుకొను ఆలోచన ఒక్కటియే.

గోడలకు డంగుసున్నము ప్రాణము. ఎద్దులు త్రిప్పు రాతిచక్రము క్రింద సున్నమును ఇసుకను నూరి, కొన్నియెడల బెల్లపు నీరును కరక్కాయ రసమును చేర్చి పూసెడివారు. ఇట్టి గోడ తడిని పీల్చును, మరల విడుచును. దానిపై సిమెంటు పూసినచో తడి లోపలనే చిక్కి, సున్నము పొడియై రాలును. కమానుల వరుసకును ఒక న్యాయము కలదు. ప్రతి కమానును తన బరువును క్రిందికే కాక ప్రక్కకును త్రోయును. ప్రక్కనున్నది ఆ త్రోపును ఎదుర్కొనును. చోటు చాలలేదని నడుమ నొక స్తంభమును తీసివేసినచో దెబ్బ ఆ ఒక్క కమానుతో ఆగదు.

మూడవ సాలార్‌జంగు, మీర్ యూసుఫ్ అలీఖాన్, వివాహమాడలేదు. 1949లో ఆయన మరణించునాటికి ఇల్లంతయు వస్తువులతో నిండియుండెను. 1951 డిసెంబరు 16న జవాహర్‌లాల్ నెహ్రూ ఆ యింటనే ప్రదర్శనశాలను ప్రారంభించిరి. మొదటి సాలార్‌జంగు 1876లో రోము నగరమునుండి తెచ్చిన ముసుగు రెబెక్కాను జనులు తొలుత చూచినది ఇచటనే. 1961లో పార్లమెంటు చట్టముచే ఆ సంస్థ జాతీయ ప్రాముఖ్యము గలదిగా ప్రకటింపబడెను. 1968లో వస్తువులు మూసీ యొడ్డునగల క్రొత్త భవనమునకు తరలెను. వస్తువులకు చట్టమును, చోటును, కావలియును దొరకెను. వానిని దాచిన యింటికి మాత్రము అట్టి రక్షణ లభింపలేదు. తరువాతి దశాబ్దములలో మహలులు ఒక్కొక్కటిగా పోయి కొట్లు వచ్చెను. మిగిలినవి ముఖద్వారములు.

వర్తకుల నిందించుట సులభమే కాని, న్యాయము కాదు. అంగడికి కావలసినది వీథివైపు ముఖము. దేవిడీకి ఉన్నది లోపలి ముఖము. ఒకదానిని రెండవదిగా మార్చుట యన చొక్కాను తిరగవేసి తొడుగుట వంటిది. పక్కనే యున్న పత్తర్‌గట్టి ఇందుకు భిన్నము. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంఘము దానిని రాతి కమానులతో, క్రింద కొట్లుగా, పైన నివాసములుగా మొదటనే ఉద్దేశించి కట్టించెను. కావుననే అది నేటికిని అంగడిగా ఒప్పుచున్నది.

ఇంగ్లండులో 1947 నాటి చట్టముతో కట్టడముల జాబితా మొదలయ్యెను. నేడచట జాబితాలోని యిల్లు అంగడిగా మారవచ్చును. కాని దాని స్వరూపమును మార్చు పనికి, అది లోపలి మెట్లవరుసయైనను, అనుమతి కావలెను. హైదరాబాదు నగరమున కట్టడముల రక్షణకు నిబంధన 1995లో వచ్చెను, జాబితా 1998లో వెలువడెను. అప్పటికే దివాన్ దేవిడీ కథ ముగిసినది. జాబితాలో చేరిన మాలవాలా మహలును 2000 ప్రాంతమున నేలమట్టమయ్యెను. జాబితా యున్నను ఇట్లు జరుగుట మఱింత దుఃఖకరము. ఆ నిబంధనను 2015లో తొలగించిరి; 2017లో తెలంగాణ వారసత్వ చట్టము వచ్చినది.

మేడ్చలు నాగపూరు రహదారిపైనను, శామీర్‌పేట కరీంనగరు రహదారిపైనను ఉన్నవి. బాట వెడల్పగుకొలది బాటప్రక్క యింటి ముందరి అఱ్ఱ దుకాణమగుట సహజము. అట్టి పాతయిల్లు విప్పకముందు, యజమాని అనుమతితో, ఒక ఉపాధ్యాయుడు పిల్లలను వెంటబెట్టుకొని ఒక పూట కొలతలు తీయించవచ్చును. కావలసినది ఒక టేపు, గళ్ల కాగితము. గోడ మందమెంత, భవంతి నిడివియెంత, దూలములెన్ని, వాననీరు ఏ మూలనుండి బయటికి పోవును – ఇవి గుర్తించి పటము గీసి, పాఠశాల బీరువాలో దాచిన చాలును. దివాన్ దేవిడీ ఆయినాఖానాకు ఛాయాచిత్రములైనను మిగిలినవి. ఊరి యిండ్లకు అదియు లేదు.