ప్రయాణ వాహనపు పనిముట్ల పెట్టె

పనిముట్ల పెట్టె అనగా దూర ప్రయాణంలో వాహనానికి కలిగే చిన్న లోపాలను దారిలోనే సరిచేసుకొనుటకు వెంట తీసుకొనిపోయే ఉపకరణాల సముదాయం. పడక, వంట సౌకర్యాలు గల వ్యానుకు ఇది మామూలు కారు కంటె ఎక్కువ అవసరం. ఇంజను, చక్రాలతో పాటు రెండవ బ్యాటరీ, నీటి పంపు, గ్యాసు పొయ్యి కూడా ఇందులో ఉండడమే దానికి కారణం. ఇటువంటి వ్యానును క్యాంపర్ వ్యాన్ అంటారు. పెట్టెలో ఏమి ఉండాలన్నది వాహనాన్ని బట్టి, వెళ్ళే దారిని బట్టి మారుతుంది. ఈ వ్యాసంలో నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతపు దారులు ఉదాహరణగా తీసుకోబడ్డాయి.

ప్రాంతం, దారులు

నంద్యాల, ఆళ్ళగడ్డ పట్టణాలు కర్నూలు నుండి కడప, చిత్తూరు మీదుగా రాణీపేట పోయే 40వ నంబరు జాతీయ రహదారిపై ఉన్నాయి. పూర్వం దీనిని 18వ నంబరు రహదారి అనేవారు. కర్నూలు జిల్లాలో ఉండిన ఈ రెండు పట్టణాలు 2022 ఏప్రిల్ 4 నుండి నంద్యాల జిల్లాలో ఉన్నాయి. యాత్రికులు నంద్యాల నుండి మహానందికి, ఆళ్ళగడ్డ నుండి అహోబిలానికి వెళతారు. రహదారి పొడవునా పంచరు అంగడి, మెకానిక్కు దొరకడం కష్టం కాదు. కాని నంద్యాల నుండి గాజులపల్లె, దిగువమెట్ట మీదుగా గిద్దలూరు పోయే ఘాట్ దారి, దిగువ అహోబిలం నుండి ఎగువ అహోబిలం పోయే దారి నల్లమల అడవిలోనివి. అక్కడ సెల్‌ఫోను సంకేతం అన్నిచోట్లా అందదు. పెట్టె విలువ తెలిసేది అటువంటి చోటనే.

పూర్వకాలపు ప్రయాణాలు

ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుండి పల్లకీలో కాశీకి బయలుదేరి అహోబిలం, మహానంది, శ్రీశైలం మీదుగానే వెళ్ళాడు. సామాన్య కుటుంబాలు గూడుబండ్లలో తిరునాళ్ళకు పోయేవి. ఆముదంతో చేసిన కందెన గొట్టం బండి కింద వేలాడుతుండేది. దానికి తోడు అదనపు చీల, తాళ్ళు, ఒక గొడ్డలి ఉండేవి. వస్తువులు నాలుగైదే, కాని ప్రతి ఒక్కటీ ఆ బండికి సరిపోయేది. నేటి వ్యానుకు వర్తించే సూత్రమూ అదే.

జాకీ, చక్రపు సామగ్రి

దారిలో తరచుగా ఎదురయ్యే పని చక్రం మార్చడం. ప్రాణాపాయం ఎక్కువగా ఉన్నదీ ఇందులోనే. జాకీ మోయగల బరువు, సామానుతో నిండిన వ్యాను బరువుకు తగినట్లు ఉండాలి. పడకలు, నీళ్ళ తొట్టి బిగించిన తరువాత వ్యాను బరువు పెరుగుతుంది గనుక పాత జాకీ చాలకపోవచ్చు.

నంద్యాల పరిసరాలలో నల్లరేగడి నేలలు విస్తారంగా ఉన్నాయి. వాన పడితే రోడ్డు అంచున పెట్టిన జాకీ నేలలోకి దిగి ఒక పక్కకు ఒరుగుతుంది. ఇందుకు అడుగు చదరం, రెండు అంగుళాల మందం గల గట్టి చెక్క ఒకటి వెంట ఉండాలి. ఈ ప్రాంతంలో సులభంగా దొరికే నాపరాయి ముక్కను చెక్కకు బదులు పెట్టరాదు. మెత్తటి నేలపై ఉన్న నాపరాయి, బరువంతా ఒకే చోట పడినప్పుడు ముందుగా ఏ సూచనా ఇవ్వకుండా పగులుతుంది. ఎత్తని చక్రాలకు ముందు, వెనుక అడ్డు చెక్కలు పెట్టాలి. జాకీ మీద మాత్రమే నిలిచిన వాహనం కిందికి ఎవ్వరూ దూరరాదు.

వాహనంతో వచ్చే వీలు పానాకు పిడి పొట్టిగా ఉంటుంది. అంగడిలో ఎయిర్ గన్‌తో బిగించిన నట్లు దానితో కదలవు. పానా పిడికి తొడిగే రెండడుగుల ఇనుప గొట్టం ఈ చిక్కును తీరుస్తుంది. నట్లను వదులు చేసేటప్పుడు మాత్రమే దీనిని వాడాలి. చక్రం నేలపై ఉండగానే నట్లను కొంచెం వదులు చేసి, తరువాత జాకీ ఎత్తాలి. బిగించేటప్పుడు ఎదురెదురు నట్లను వరుసగా బిగించాలి. కొంత దూరం నడిచాక మరల పరీక్షించాలి. నంద్యాలలో చక్రం మార్చినవారు ఆళ్ళగడ్డ చేరగానే ఆ పని చేయవచ్చు.

2020 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు జరిగిన సవరణ వలన, ట్యూబు లేని టైర్లు, గాలి ఒత్తిడిని తెలిపే వ్యవస్థ, పంచరు సామగ్రి ఉన్న 3.5 టన్నుల లోపు ప్రయాణికుల వాహనాలకు స్టెప్నీ తప్పనిసరి కాదు. అయితే పంచరు సామగ్రి మేకు గుచ్చిన రంధ్రానికి పనికివస్తుంది గాని, రాయి కోసిన టైరు పక్కగోడకు పనికిరాదు. అడవి దారిలో వెళ్ళేవారికి స్టెప్నీయే మేలు.

పానాలు, ఇతర వస్తువులు

వంద వస్తువులతో బజారులో అమ్మే పెట్టెలు ముచ్చటగా ఉంటాయి. వాటిలో సగం ఆ వ్యానులోని ఏ నట్టుకూ సరిపోవు. నాసిరకపు పానా నట్టు మూలలను అరగదీస్తుంది. ముందుగా వాహనంలోని నట్ల కొలతలు రాసుకొని, వాటికి సరిపోయే రింగు పానాలు కొనడం మంచిది. బ్యాటరీ తీగలకు తరచు 10 మిల్లీమీటర్ల పానా కావాలి. రెండు రకాల స్క్రూడ్రైవర్లు, పటకారు, సుత్తి, బైండింగ్ తీగ, ఇన్సులేషన్ టేపు, గొట్టం బిగింపు పట్టీలు, తలకు కట్టుకొనే టార్చి, గాలి ఒత్తిడి కొలిచే గేజి ఉంటే చాలావరకు సరిపోతుంది. ఎండాకాలంలో ఇక్కడ వేడి 40 డిగ్రీలు దాటుతుంది గనుక ఐదు లీటర్ల మంచినీరు వేరుగా ఉంచాలి. వేడిగా ఉన్న రేడియేటరు మూత తీస్తే మరిగే నీరు ముఖాన చిమ్ముతుంది. ఇంజను పూర్తిగా చల్లారేవరకు ఓపిక పట్టాలి.

విద్యుత్తు, గ్యాసు

ఫ్యూజు పోయినప్పుడు అదే ఆంపియర్ల ఫ్యూజును వేయాలి. దాని స్థానంలో రాగి తీగ చుట్టడం మన వైపు అలవాటు. అప్పుడు ఫ్యూజుకు బదులు లోపలి తీగలు వేడెక్కి, పడక కింద నిప్పు పుట్టగలదు. కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతే ఆ పరికరాన్ని వాడకుండా వదిలివేయాలి. బ్యాటరీ తీసేటప్పుడు ముందుగా రుణ ధ్రువపు తీగను విప్పాలి, బిగించేటప్పుడు దానిని చివర బిగించాలి.

వంట గ్యాసు గాలి కంటె బరువైనది. కారితే నేలబారున నిలిచి, పడుకొన్నవారి చుట్టూ చేరుతుంది. అందుచేత సబ్బునీటి సీసా కూడా పెట్టెలో ఒక పనిముట్టే. గొట్టం అతుకులపై పూసినప్పుడు బుడగలు వస్తే సిలిండరు కట్టివేసి, తలుపులన్నీ తెరిచి, అందరూ దిగిపోవాలి. విద్యుత్ స్విచ్చులను తాకరాదు.

దారిలో చేయకూడని పనులు

బ్రేకులు, స్టీరింగు, గ్యాసు గొట్టాల మరమ్మతు ఈ పెట్టెతో చేసేది కాదు. వాహనాన్ని పక్కకు ఆపి, ఎర్ర త్రికోణం నిలిపి సహాయం కోరాలి. జాతీయ రహదారులపై 1033, అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108 నంబర్లు పనిచేస్తాయి. సంకేతం లేనిచోట ఎదురు వచ్చే బస్సు డ్రైవరుతో కబురు పంపడం నేటికీ నమ్మకమైన పద్ధతి.

సర్దడం, పరీక్షించడం

బరువైన జాకీ, చెక్కలు అడుగున, కదలకుండా కట్టి ఉంచాలి. పెట్టెను పడక కింద లోపలికి తోయరాదు. రాత్రి వానలో, సామానంతా దింపకుండానే చేతికి అందాలి. బయలుదేరే ముందు ఇంటి వాకిట్లో, పగటిపూట, వెళ్ళే పెద్దవారందరూ ఒక్కసారైనా చక్రం విప్పి మరల బిగించి చూడాలి. ఏ పానా సరిపోదో, ఎవరి చేతికి నట్టు కదలదో అప్పుడే తెలుస్తుంది.