ఎకరాలు గజాలయ్యాక

రాజమండ్రి నుంచి ఏ రోడ్డు పట్టుకుపోయినా పంటచేల మధ్య రాళ్లు పాతిన లేఅవుట్లు కనబడుతున్నాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మాగాణిగా మారి, తరతరాలుగా సార్వా, దాళ్వా పండించిన డెల్టా ఇది. ఇవాళ ఆ చేలను మెరక చేసి గజాల్లో అమ్ముతున్నారు. ఎకరానికి 4,840 గజాలు. రోడ్లకు పోను మిగిలింది అమ్మినా వచ్చే సొమ్ము ఎన్ని దాళ్వాలు పండిస్తే వస్తుంది? పట్టణం పెరగవద్దని మేము అనడం లేదు. పెరిగిన ధర ఎవరి సంచిలో పడుతోందని అడుగుతున్నాం.

చేను అమ్మితే ఆసామికి డబ్బు వస్తుంది. మరి కౌలుదారుకు? డెల్టాలో సాగు చేసేది చాలాచోట్ల అతనే. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల కార్డు ఇస్తానన్నది, అదీ భూయజమాని సంతకం పెడితేనే. అమ్మకానికి పెట్టిన చేనుకు సంతకం పెట్టే ఆసామి ఎక్కడున్నాడు? ఇక ఊడ్పుకూ, కలుపుకూ పోయే ఆడకూలీల పేరు ఏ కాగితంలోనూ ఉండదు. పని పోయింది, పరిహారం ఇవ్వండంటే నవ్వుతారు. పైగా మెరక చేసినవాడు బోదె పూడ్చేస్తాడు. పక్క చేలో నీరు లాగదు, పైరు కుళ్లిపోతుంది. చివరకు ఆ రైతూ విసిగిపోయి "మనమూ అమ్మేద్దాంరా" అంటాడు.

చట్టాలు లేక కాదు. 1973 భూసంస్కరణల చట్టం మాగాణికి తరగతిని బట్టి 10 నుంచి 27 ఎకరాల పరిమితి పెట్టింది. దాని పేరులోనే వ్యవసాయ కమతాలని ఉంది. 2006లో వచ్చిన నాలా చట్టం, రుసుము కట్టి చేనును స్థలంగా మార్చుకునే దారి చూపింది. కూలీల సంగతి అందులో లేదు.

పేదలకు స్థలం ఇవ్వాల్సి వచ్చినప్పుడు మాత్రం పల్లం గుర్తుకొచ్చింది. 2020లో రాజమండ్రి పేదల ఇళ్ల పట్టాల కోసం కోరుకొండ మండలం బూరుగుపూడి దగ్గర ఆవ భూములు దాదాపు 600 ఎకరాలు, ఎకరా 45 లక్షల చొప్పున తీసుకున్నారు. అంటే సెంటుకు 45 వేలు! ఆవ అంటే వానొస్తే చెరువయ్యే నేల. ఆ సంగతి అక్కడ పశువులు కాసే పిల్లాడికీ తెలుసు. ఆ ఏడే నీళ్లు నిలిచాయి. హైకోర్టు పంపిణీ ఆపమంది. పట్టణ పేదకు ఇస్తామన్నదల్లా ఒక్క సెంటు, అంటే 48 గజాలు. భూమి అమ్మినవాళ్లకు సొమ్ము ముట్టింది, పేదలకు ఎదురుచూపులు మిగిలాయి.

చేలో పని పోయి పట్నం చేరిన కూలీని అక్కడా ఆ ధరే వెంటాడుతుంది. అంతకుముందు అద్దె విలువ మీద వేసే ఇంటి పన్నును 2021 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషన్ విలువకు ముడిపెట్టారు. ఏడాదికి 15 శాతం మించి పెంచబోమన్నారు. ఆ 15 చొప్పునే ఐదేళ్లు పెరిగితే పన్ను రెట్టింపవుతుంది, కూలి రెట్టింపవుతుందా? ఇల్లు అమ్మనివాడికి వీధిలో స్థలం ధర పెరిగితే ఒరిగేదేమిటి? అద్దెకున్నవాడైతే ఆ పన్ను అద్దెలో కలిపి కడతాడు. ధర పెంచి అమ్ముకున్నవాడు మాత్రం లెక్క చూసుకుని మరో ఊరి చేల మీద పడతాడు.

అందుచేత లేఅవుటు మాట వినబడగానే సంఘాలు పంచాయతీ ఆఫీసుకు వెళ్లాలి. ఊరి నక్షాలో బోదె, మురుగు కాలువ ఎక్కడున్నాయో చూడాలి. ఆ చేను కౌలుకు చేసిందెవరో, కూలికి వెళ్లిందెవరో పేర్లతో రాయించి, అనుమతి ఇవ్వకముందే అర్జీ పెట్టి, రసీదు తీసుకోవాలి.