మూసారాంబాగ్ పేరు వెనక ఒక ప్రపంచ యుద్ధం

ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కితే మొదట వచ్చేది విక్టోరియా మెమోరియల్. మన కొత్తపేట వాళ్లు రోజూ ఎక్కి దిగే స్టేషన్. ఆ తర్వాత చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్. ఈ నాలుగు స్టేషన్లలో మొదటి పేరు బ్రిటన్ మహారాణిది. 1901లో ఆమె చనిపోయాక, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో సరూర్‌నగర్‌లో అనాథ పిల్లల కోసం వెలిసిన హోంకు ఆమె పేరు పెట్టారు. నాలుగోది ఒక ఫ్రెంచి సైనికుడి పేరు. ఆయనను ఇక్కడివాళ్లు ‘మూసియో రేమండ్’ అని పిలవబోయి, హిందువులు మూసా రామ్ అన్నారు, ముస్లింలు మూసా రహీమ్ అన్నారు. ఆయన తోట మూసారాంబాగ్ అయిందని చెబుతారు.

రెండు వందల ఏళ్ల కిందట బ్రిటన్, ఫ్రాన్స్ ప్రపంచమంతా కొట్టుకున్నాయి. ఆ రెండు దేశాల పేర్లూ మన ఇంటి ముందు లైన్‌లో మూడు స్టేషన్ల దూరంలో ఉన్నాయి. హైస్కూలు సోషల్‌లో ఫ్రెంచి విప్లవం, నెపోలియన్, సైన్య సహకార పద్ధతి, ప్రపంచ యుద్ధాలు వరసగా వస్తాయి. “ఎక్కడో యూరప్ గొడవలు మా వాడికి ఎందుకు?” అని అడిగే తల్లిదండ్రులు ఉంటారు. ఆ ప్రశ్నకు జవాబు కోసం యూరప్ దాకా పోనక్కరలేదు. మన క్లాసుల్లో నల్గొండ పిల్లలు, గుంటూరు పిల్లలు, కడప పిల్లలు పక్కపక్కనే కూర్చుంటారు. తెలంగాణ, కోస్తా, రాయలసీమ అని మనం చెప్పుకునే ఈ మూడు ముక్కలు ఆ గొడవల్లోనే ఏర్పడ్డాయి.

జీతం కోసం జిల్లాలు

కథ మొదలయ్యేది సైనికుల జీతాల దగ్గర. 1748లో మొదటి నిజాం చనిపోయాక గద్దె కోసం కొడుకులు, మనవడు పోటీ పడ్డారు. పాండిచ్చేరిలో ఉన్న ఫ్రెంచివాళ్లు తుపాకులతో, కవాతు నేర్చిన సిపాయిలతో వచ్చి సలాబత్ జంగ్‌ను గద్దె మీద నిలబెట్టారు. ఆ సేన నాయకుడు బుస్సీ. సేన అయితే వచ్చింది కానీ, దానికి నెలనెలా జీతాలు ఇవ్వాలి. ఖజానాలో డబ్బు లేదు. జీతాలు బాకీపడ్డ సేన ఎవరికైనా ప్రమాదమే. అందుకే 1753లో సలాబత్ జంగ్ కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కారులను ఫ్రెంచివాళ్లకు రాసిచ్చాడు. అక్కడ శిస్తు వసూలు చేసుకుని, దానితో సేనను పోషించుకోవాలన్నది ఏర్పాటు. అంటే గోదావరి ఒడ్డున రైతు కట్టిన శిస్తు ఫ్రెంచి కెప్టెన్ జీతం అయింది.

బొబ్బిలి యుద్ధం మనందరికీ సినిమాగా తెలుసు. 1757 జనవరి 24న ఆ కోట మీదికి వచ్చిన బుస్సీ ఈ బుస్సీయే. శిస్తు వసూలుకు ఉత్తరాది జమీందార్లను లొంగదీసే పనిలో, విజయనగరం రాజు విజయరామరాజు మాట విని బొబ్బిలి మీద పడ్డాడు. తర్వాత మూడు రోజులకు తాండ్ర పాపారాయుడు విజయరామరాజును చంపాడు. సినిమా అక్కడ ఆగుతుంది, చరిత్ర ఆగలేదు. విజయనగరం గద్దె ఎక్కిన ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివాళ్లతో పొసగలేదు. ఆయన విశాఖపట్నాన్ని ఫ్రెంచివారి చేతిలోంచి లాక్కుని, బెంగాల్లో ఉన్న క్లైవ్‌కు సాయం కావాలని కబురు పెట్టాడు.

ఆ సరికి యూరప్‌లో ఏడేళ్ల యుద్ధం మొదలైంది. 1756 నుంచి 1763 దాకా జర్మనీలో, కెనడాలో, కరీబియన్ దీవుల్లో, ఆఫ్రికా తీరంలో, ఫిలిప్పీన్స్‌లో జరిగిన యుద్ధం అది. అసలైన మొదటి ప్రపంచ యుద్ధం ఇదేనని కొందరు చరిత్రకారులు అంటారు. అందులో ఒక ముఖ్యమైన పోరు తూర్పు గోదావరి పొలాల్లో జరిగింది. క్లైవ్ పంపిన కల్నల్ ఫోర్డ్ సుమారు 500 మంది యూరోపియన్లు, 2,000 మంది సిపాయిలతో ఓడల్లో విశాఖ చేరాడు. పిఠాపురం దగ్గర, ఇప్పటి గొల్లప్రోలు మండలంలో చెందుర్తి అనే ఊరుంది. 1758 డిసెంబరు 7న అక్కడ రెండు సేనలూ తలపడ్డాయి. ఫోర్డ్ యూరోపియన్ సైనికులు ఏపుగా పెరిగిన చేను చాటున పడ్డారు. ఎర్ర కోట్లు వేసుకున్న సిపాయిలను చూసి, వాళ్లే ఇంగ్లీషు సేన అనుకుని ఫ్రెంచివాళ్లు తరుముకుంటూ పోయారు. వరస చెదిరాక చేను చాటున ఉన్నవాళ్లు బయటికొచ్చారు. అక్కడితో ఆట ముగిసింది.

ఫోర్డ్ అక్కడినుంచి మచిలీపట్నం మీదికి వెళ్లాడు. ఫ్రెంచివారికి సాయం చేద్దామని సలాబత్ జంగ్ పెద్ద సేనతో బెజవాడ దాకా వచ్చాడు. ఆయన చేరేలోపే 1759 ఏప్రిల్ 7 రాత్రి ఫోర్డ్ కోటలోకి చొరబడ్డాడు. తెల్లారేసరికి మచిలీపట్నం ఇంగ్లీషువాళ్లది. మే 14న సలాబత్ జంగ్ వాళ్లతోనే ఒప్పందం చేసుకున్నాడు. చుట్టుపక్కల జిల్లాలు ఇచ్చాడు, ఇకపై ఫ్రెంచివాళ్లను తన రాజ్యంలో ఉండనివ్వనన్నాడు.

ఇక్కడ ఒక చిత్రం చెప్పాలి. 1763 ఫిబ్రవరి 10న పారిస్‌లో సంధి జరిగింది. అందులో ఒక అధికరణంలో దక్కనుకు న్యాయమైన సుబేదారు సలాబత్ జంగ్ అని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి. అప్పటికి ఆయన గద్దె మీద లేడు. అంతకు ముందు ఏడాదే తమ్ముడు నిజాం అలీ ఖాన్ ఆయనను దించి బీదర్ కోటలో పెట్టాడు. సంధి జరిగిన ఏడాదే సలాబత్ జంగ్ చెరలో కన్నుమూశాడు. మన రాజు ఎవరో పారిస్‌లో రాసుకున్నారు, అదీ తప్పుగా!

1765లో ఇంగ్లీషు కంపెనీ మొగలు చక్రవర్తి దగ్గర సర్కారుల కోసం ఫర్మానా తెచ్చుకుంది. మరుసటి ఏడాది నిజాం అలీ ఖాన్ కూడా ఒప్పుకోక తప్పలేదు. బదులుగా కంపెనీ ఏడాదికింత పేష్కష్ కడుతుంది, అవసరమైతే సేనను పంపుతుంది. గుంటూరు 1788లో వాళ్ల చేతికొచ్చింది. కోస్తా జిల్లాలు హైదరాబాద్ నుంచి విడిపోయింది ఇలా.

మలక్‌పేట గుట్ట మీద మూడు రంగుల జెండా

ఇక రేమండ్ దగ్గరికి వద్దాం. ఫ్రాన్స్‌లోని గాస్కనీలో 1755లో పుట్టాడు. ఇరవై ఏళ్ల వయసులో పాండిచ్చేరి వచ్చి, మైసూరులో పనిచేసి, తర్వాత నిజాం అలీ ఖాన్ కొలువులో చేరాడు. కొద్దిమందితో మొదలుపెట్టి, చివరికి సుమారు 14,000 మంది సేనను తయారుచేశాడు. ఫతే మైదాన్ దగ్గర గన్‌ఫౌండ్రీ అని మనం పిలిచే ‘తోప్ కా సాంచా’ ఆయన 1786లో పెట్టిన ఫిరంగుల కార్ఖానాయే. ఆయన సేన ఖర్చులకు కూడా జాగీర్లే కేటాయించారు. మళ్లీ అదే పద్ధతి.

1795 మార్చిలో ఖర్డా దగ్గర మరాఠాలతో యుద్ధం వచ్చినప్పుడు, ఇంగ్లీషువాళ్లు ‘మాకు సంబంధం లేదు’ అని పక్కన నిలబడ్డారు. నిజాం ఓడిపోయాడు. ఆ కోపంతో రేమండ్ సేనను ఇంకా పెంచాడు. ఇంతలో ఫ్రాన్స్‌లో విప్లవం వచ్చింది, రాజు తల తెగింది, బ్రిటన్‌తో మళ్లీ యుద్ధం మొదలైంది. హైదరాబాద్‌లో రేమండ్ సేన విప్లవ ఫ్రాన్స్ జెండా ఎగరేస్తోందని, సైనికుల గుండీల మీద విప్లవపు టోపీ గుర్తు ఉందని ఇంగ్లీషు అధికారులు పైవాళ్లకు రాశారు. పారిస్ వీధుల్లో పుట్టిన గుర్తు మలక్‌పేట దాకా రావడానికి పదేళ్లు కూడా పట్టలేదు.

1798 ఒక్క ఏడాదిలో ఏం జరిగిందో చూడండి. జనవరిలో మారిషస్‌లోని ఫ్రెంచి గవర్నర్, టిప్పు సుల్తాన్‌కు సాయంగా మనుషులు కావాలని బహిరంగంగా ప్రకటించాడు. మార్చి 25న రేమండ్ చనిపోయాడు. మే నెలలో కలకత్తాకు కొత్త గవర్నర్ జనరల్ వెల్లస్లీ వచ్చాడు. జూలైలో నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. అక్కడినుంచి ఎర్ర సముద్రం దాటితే ఇండియా అన్న భయం ఇంగ్లీషువాళ్లను పట్టుకుంది. ఆ భయం నిజమా, సాకా అన్నది వేరే మాట. నా దృష్టిలో రెండూ కొంత కొంత. భయం ఫలితం మాత్రం సెప్టెంబరు 1న హైదరాబాద్ ఒప్పందంగా కనిపించింది. ఫ్రెంచి సేనను రద్దు చేయాలి. ఇంగ్లీషు కంపెనీ సిపాయిల ఆరు పటాలాలు ఇక్కడే ఉంటాయి. వాటి ఖర్చు కింద నిజాం ఏడాదికి 24,17,100 రూపాయలు కట్టాలి. పిల్లల పుస్తకంలో సైన్య సహకార పద్ధతి అని ఉండేది ఇదే.

అక్టోబరు 22న రేమండ్ సేనను నిరాయుధం చేసిన తీరు కూడా జీతాల కథే. రేమండ్ తర్వాత నాయకుడైన పిరాన్ లొంగిపోవడానికి సిద్ధమయ్యాడు. అయితే జీతాలు బాకీ ఉన్న సిపాయిలు ముందురోజే తిరగబడి తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించారు. కెప్టెన్ కిర్క్‌పాట్రిక్, జాన్ మాల్కం వెళ్లి బాకీలు తీరుస్తామని నచ్చజెప్పారు. చుట్టూ కంపెనీ ఫిరంగులు నిలబడ్డాయి. నెత్తురు చుక్క పడకుండా 14,000 మంది సేన ఒక్క పూటలో మాయమైంది. వాళ్లలో చాలామంది ఈ దేశం వాళ్లే. వాళ్లకు ఫ్రాన్స్ తెలియదు, ఇంగ్లండ్ తెలియదు. బాకీపడ్డ నెలలు తెలుసు.

1799 మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు చనిపోయాడు. ఆయన రాజ్యంలో నిజాం వాటాకు కొన్ని జిల్లాలు వచ్చాయి. అంతకుముందు 1792లో కూడా కొన్ని వచ్చాయి. అవి ఎక్కువ రోజులు నిలవలేదు. 1800 అక్టోబరు 12న ఇంకో ఒప్పందం జరిగింది. సేనను పెంచుతాం, నగదు ఇచ్చే బాధ లేకుండా ఆ జిల్లాలే ఇచ్చేయండి అన్నది కంపెనీ. అలా బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలు పోయాయి. వాటికే దత్త మండలాలు అని పేరు. మనకు ‘రాయలసీమ’ అనే మాట 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు సూచించాక వాడుకలోకి వచ్చింది. ఎవరో ఇచ్చేసిన ప్రాంతం అన్న పేరు మాకొద్దు అనుకున్నారు కాబట్టే కొత్త పేరు.

కాపలాకు పెట్టుకున్నవాడికి జీతం ఇవ్వలేక ఒక్కో గదీ రాసిచ్చినట్టుంది ఇదంతా. అక్కడితో ఆగలేదు కూడా. హైదరాబాద్ కంటింజెంట్ అని ఇంకో సేన ఖర్చుల బాకీకి 1853లో బీరార్ కూడా పోయింది.

ఒకే భాష, మూడు పాలనలు

సరిహద్దులు గీసినందువల్ల మాత్రమే ప్రజలు వేరుకారు. ఆ గీతలకు రెండు వైపులా వేర్వేరు పద్ధతులు నూరూ నూటయాభై ఏళ్లు నడిస్తే వేరవుతారు. కోస్తాలో 1802 నుంచి శాశ్వత శిస్తు ఒప్పందంతో జమీందారీ బలపడింది. దత్త మండలాల్లో మన్రో రైతుతో నేరుగా లెక్క చూసే రైత్వారీని నడిపాడు. నిజాం ఏలుబడిలో మిగిలిన తెలంగాణలో జాగీర్లు, దేశ్‌ముఖ్‌లు కొనసాగారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయి గోదావరి డెల్టా రూపు మారింది. మద్రాసు యూనివర్సిటీ 1857లో వచ్చింది. ఇక్కడ ఉస్మానియా వచ్చింది 1918లో, బోధన ఉర్దూలో. తాతల చదువుల్లో, ఆస్తుల్లో, మాటల్లో మన కుటుంబాల మధ్య కనిపించే తేడాల్లో చాలావాటికి మూలం ఇక్కడుంది. ఒక ప్రాంతం వాళ్లు తెలివైనవాళ్లు, ఇంకో ప్రాంతం వాళ్లు వెనకబడ్డవాళ్లు అని పిల్లల మధ్య మాట వస్తే, ఈ తేదీలు గుర్తుచేస్తే చాలు.

ఇరవయ్యో శతాబ్దపు రెండు యుద్ధాలూ మనల్ని తాకాయి. మొదటి యుద్ధంలో హైదరాబాద్ అశ్విక దళం జోధ్‌పూర్, మైసూరు దళాలతో కలిసి పాలస్తీనా రంగంలో పనిచేసింది. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర ఉన్న మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాలవే. రెండో యుద్ధంలో 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ యుద్ధం గెలిచిన బ్రిటన్‌కు సామ్రాజ్యాన్ని నిలుపుకునే ఓపిక మిగలలేదు. 1947లో వాళ్లు వెళ్లాక హైదరాబాద్‌తో చేసుకున్న ఆ పాత ఒప్పందాలన్నీ కాగితాలయ్యాయి. మరుసటి ఏడాది సెప్టెంబరు 17న నిజాం సేన లొంగిపోయింది.

పిల్లలతో చూడవలసినవి దగ్గర్లోనే ఉన్నాయి. మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగితే ఒకప్పటి కోఠి విమెన్స్ కాలేజీ. కిర్క్‌పాట్రిక్ కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీ అదే. కంపెనీ సేన దిగిన చోటు సికింద్రాబాద్ అయింది, 1806లో సికందర్ జా పేరు మీద. ఇంట్లో ప్రపంచ పటం ఉంటే పారిస్, ఈజిప్టు, మారిషస్, పాండిచ్చేరి, చెందుర్తి, మచిలీపట్నం, హైదరాబాద్‌లకు చుక్కలు పెట్టించి దారంతో కలపమనండి. హైస్కూలు పిల్లలకు అది మంచి ప్రాజెక్టు.

రేమండ్ సమాధి మూసారాంబాగ్ స్టేషన్‌కు దగ్గర్లో, ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. 1940 ప్రాంతం దాకా ఏటా మార్చి 25న అక్కడ జనం చేరి, ఉర్సులాగా దీపాలు వెలిగించేవారు. స్తంభాల మండపం 2001 వానలకు కూలితే మళ్లీ కట్టారు. ఎండ ముదరకముందే వెళ్లండి, మంచినీళ్లు పట్టుకెళ్లండి. సమాధి మీద నిలువుగా లేచిన రాతి స్తంభం ఉంటుంది. దాని మీద జె, ఆర్ అనే రెండు అక్షరాలు ఎక్కడున్నాయో పిల్లలను వెతకమనండి.