సెవిల్‌లో ఒక్క రోజు, ఒక్క ఫోన్

మా పిన్ని కొడుకు, అంటే అన్నయ్య, స్పెయిన్‌లో మాస్టర్స్ చేస్తున్నాడు. "సెవిల్‌లో ఒక్క రోజే ఉంటా, ఫొటోలు ఎక్కడ బాగా వస్తాయో చూసి చెప్పరా" అన్నాడు. మ్యాప్ ముందు పెట్టుకుని వెతికితే నాకు అర్థమైంది, ఎక్కడ అనేదానికంటే ఎప్పుడు అనేదే ముఖ్యం.

ప్లాసా దె ఎస్పాన్యానే తీసుకోండి. 1929 ఎగ్జిబిషన్ కోసం కట్టిన అర్ధచంద్రాకారపు భవనం. 2002లో వచ్చిన స్టార్ వార్స్ సినిమాలో కనిపించేది ఇదే. దాని ముఖం నది వైపు, అంటే పడమరకి. పొద్దున్నే వెళ్తే ఎండ వెనకనుంచి కొడుతుంది, గోడలు నల్లగా వస్తాయి. సాయంత్రం అదే ఇటుక ఎర్రగా వెలుగుతుంది. గోడ వెంట ఒక్కో ప్రావిన్స్‌కి ఒక్కో రంగుల టైల్స్ బెంచీ, మొత్తం 48. అందరూ దూరంనుంచి వైడ్ షాట్ కొడతారు, నేనైతే ఆ టైల్స్ దగ్గరే కూర్చుంటా.

పొద్దున గిరాల్దా ఎక్కొచ్చు. ఒకప్పటి మసీదు మినార్, ఇప్పుడు చర్చి గంటల గోపురం. మెట్లకు బదులు దాదాపు పైదాకా వాలుదారే. పైనుంచి ఊరంతా వస్తుంది, గిరాల్దా తప్ప! అది కూడా ఫ్రేమ్‌లో కావాలంటే లాస్ సెటాస్ పైకి వెళ్ళాలి. 2011లో తెరిచిన చెక్క కట్టడం, పేరుకి అర్థం పుట్టగొడుగులు. చూస్తే అలాగే ఉంటుంది.

ఎండాకాలంలో అక్కడ 40 డిగ్రీలు మామూలే. మధ్యాహ్నం మాత్రం అల్కాజర్ రాజభవనం నీడలో గడపడమే.