చక్రం ఒకరిది, పట్టా మరొకరిది: బ్రిటన్ రైల్వేల కథ

పట్టాలు, పెట్టెలు, సిగ్నళ్లు, సమయపట్టిక, వీటిని నడిపే సిబ్బంది అన్నీ ఒకదానినొకటి ఆనుకొని పనిచేస్తేనే రైల్వే రైల్వేగా నిలుస్తుంది. రోడ్డుమీద ఒక లారీ చెడిపోతే వెనుక వచ్చే వాహనాలు పక్కనుంచి తప్పుకొని పోవచ్చును గాని, పట్టాలమీద ఒక బండి ఆగితే దాని వెనుక బండ్లన్నీ ఆగవలసిందే. 1825లో స్టాక్‌టన్, డార్లింగ్టన్ పట్టణాల మధ్య, 1830లో లివర్‌పూల్, మాంచెస్టర్ నగరాల మధ్య ఆవిరి ఇంజన్లతో బండ్లు నడిపి, ఈ విద్యను లోకానికి నేర్పినది బ్రిటన్. ఆ దేశమే ఇరవయ్యో శతాబ్దపు రెండవ సగంలో తన రైల్వేను రెండుసార్లు ముక్కలుగా చూసింది. 1960లలో ఒక్కొక్క మార్గాన్ని విడిగా లెక్కగట్టి నష్టం వచ్చేవాటిని మూసివేసింది. 1990లలో ఒక్కొక్క పనిని విడదీసి వేరువేరు సంస్థలకు అమ్మింది. ఈ రెండు చర్యలను చరిత్రకారులు సాధారణంగా వేరువేరు అధ్యాయాలుగా రాస్తారు గాని, రెండింటికీ మూలం ఒకే పొరపాటు ఆలోచన.

బ్రిటిష్ రైల్వేలు పుట్టినది ప్రైవేటు కంపెనీల చేతుల్లోనే. 1840లలో వాటాల వ్యామోహం దేశాన్ని ఊపివేసి, ఒకే ఊరికి రెండు కంపెనీలు పోటీపడి రెండు మార్గాలు వేసేదాకా వెళ్లింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ప్రభుత్వం వీటన్నింటినీ తన అజమాయిషీలోకి తీసుకొని నడిపించాక, వందకు పైగా ఉన్న కంపెనీలను మళ్లీ విడివిడిగా వదిలిపెట్టడం అవివేకమని తేలింది. 1921 చట్టం వాటిని నాలుగు పెద్ద సంస్థలుగా కలపగా, 1923 జనవరి 1 నుంచి ఆ ఏర్పాటు అమలయింది. రెండవ ప్రపంచయుద్ధంలో విరామం లేకుండా సైన్యాన్నీ సరుకులనూ మోసి అరిగిపోయిన ఈ నాలుగు సంస్థలను లేబర్ ప్రభుత్వం 1948 జనవరి 1న జాతీయం చేసింది. ఈ విషయంలో హైదరాబాదు సంస్థానం బ్రిటన్‌కన్న ముందున్నదని చెప్పాలి. లండన్ పెట్టుబడిదారుల కంపెనీ చేతిలో ఉన్న నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వేను నిజాం ప్రభుత్వం 1930లోనే కొనుగోలు చేసి తన ఆధీనంలోకి తెచ్చుకొన్నది.

జాతీయం చేసినంత మాత్రాన రైల్వేకు బలం రాలేదు. పాత వాటాదారులకు పరిహారంగా ప్రభుత్వ హామీ ఉన్న బాండ్లను ఇచ్చి, వాటిమీద ఏటా 3 శాతం వడ్డీ కట్టే భారాన్ని కొత్త సంస్థ మీదనే మోపారు. దీనికి తోడు, ఎవరు ఏ సరుకు తెచ్చినా ప్రకటించిన ధరకే మోసి తీరాలన్న పందొమ్మిదో శతాబ్దపు చట్టబాధ్యత రైల్వేకు ఉండగా, లారీ యజమానులకు అటువంటి కట్టుబాటేమీ లేదు. రైల్వే ధరలు అందరికీ తెలిసినవే కాబట్టి, లాభసాటి సరుకును అంతకన్న కొంచెం తక్కువకు మోస్తామని చెప్పి లారీవారు ఎత్తుకొనిపోయారు. బరువెక్కువ, రాబడి తక్కువ అయిన సరుకు రైలుకు మిగిలింది. ఈ బాధ్యత పూర్తిగా తొలగినది 1962లో, అంటే సరుకు చేజారిన తరువాత.

1955లో 124 కోట్ల పౌండ్ల ఆధునికీకరణ పథకం ప్రకటించారు. ఆవిరి ఇంజన్ల స్థానంలో డీజిల్, విద్యుత్ ఇంజన్లు తేవడం దాని ముఖ్యోద్దేశం. తొందరలో రకరకాల డీజిల్ ఇంజన్లను సరిగ్గా పరీక్షించకుండానే కొనడం వల్ల వాటిలో కొన్ని కొద్ది సంవత్సరాలకే తుక్కుకింద పోయాయి. లారీలకు తరలిపోతున్న సరుకు కోసం, గూడ్సు పెట్టెలను విడదీసి కూర్చే పెద్దపెద్ద యార్డులను కట్టారు. మరోవైపు చివరి ఆవిరి ఇంజన్ ఈవెనింగ్ స్టార్‌ను 1960లో స్విండన్ కర్మాగారం తయారుచేయగా, 1968 ఆగస్టులో ఆవిరి యుగమే ముగిసింది. ఖర్చు పెరిగి, రాబడి తరిగి, 1962 నాటికి లోటు పది కోట్ల పౌండ్లు దాటింది.

ఆ సమయంలో రైల్వే బోర్డు అధ్యక్షుడుగా వచ్చినవాడు ఐసీఐ రసాయన సంస్థలో పనిచేసిన భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ బీచింగ్. ఆయనను నియమించిన రవాణామంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్ రోడ్డు నిర్మాణ సంస్థ స్థాపకుల్లో ఒకడన్న సంగతి ఆనాడే విమర్శకు గురయింది. 1963 మార్చి 27న వెలువడిన బీచింగ్ నివేదిక మార్గాల్లో మూడో వంతు మీద నూటికి ఒక్క వంతు ప్రయాణికులే వెళుతున్నారని లెక్కలతో చూపి, 2,363 స్టేషన్లను, సుమారు 5,000 మైళ్ల మార్గాన్ని, అంటే దాదాపు 8,000 కిలోమీటర్లను మూసివేయాలని సూచించింది. దుబారాను గుర్తించడంలో బీచింగ్‌కు సాటి లేదు. కంటైనర్లను మోసే ప్రత్యేక గూడ్సు బండ్లు, ఆగకుండా తిరుగుతూనే బొగ్గు నింపుకొని దించే బండ్లు ఆయన కాలపు మంచి ఫలితాలు. అయితే ఆయన సర్వే 1961 ఏప్రిల్‌లో ఒక్క వారం జరిగినది కాబట్టి, వేసవిలో కిటకిటలాడే సముద్రతీరపు ఊళ్ల రద్దీ అందులో కనిపించలేదు. టికెట్టు రాబడిని ప్రయాణం మొదలైన స్టేషన్‌కు జమకట్టడం వల్ల, జనం వచ్చి దిగే ఊళ్లు నష్టాల పట్టికలో చేరాయి.

ఇంతకన్న పెద్ద తప్పు మరొకటి ఉన్నది. బ్రాంచి లైను మూసివేస్తే అక్కడి ప్రయాణికుడు బస్సులోనో కారులోనో ప్రధాన మార్గపు స్టేషన్‌దాకా వచ్చి రైలెక్కుతాడని బీచింగ్ బృందం భావించింది. కాని కారెక్కినవాడు గమ్యందాకా కారులోనే వెళ్లాడు. నది ఎండకుండా ఉండడానికి వాగులను కట్టివేయడం వంటిది ఇది: బ్రాంచి లైన్ల నుంచి ప్రధాన మార్గానికి వచ్చే ప్రయాణికులూ తగ్గిపోయి, వేల మైళ్లు మూసివేసిన తరువాత కూడా రైల్వే లాభాల్లోకి రాలేదు. ఎడిన్‌బరో నుంచి స్కాట్లాండ్ సరిహద్దు ప్రాంతాల మీదుగా కార్లైల్ వెళ్లే వేవర్లీ మార్గాన్ని 1969 జనవరిలో మూయడంతో ఆ ప్రాంతమంతా రైలు లేనిదయింది. దానిలో ఉత్తరభాగాన్ని కొత్తగా పట్టాలు వేసి తిరిగి తెరవడానికి 2015 దాకా పట్టింది. నష్టం వచ్చినా సమాజానికి అవసరమైన మార్గాలకు ప్రభుత్వమే నేరుగా ధనసాయం చేయాలన్న సూత్రాన్ని మంత్రి బార్బరా కాజిల్ 1968 చట్టంలో చేర్చింది. ఆ మాట ఐదేళ్లు ముందు చెప్పి ఉంటే ఎన్నో ఊళ్లకు మేలు జరిగేది.

జాతీయ రైల్వే సంస్థ అయిన బ్రిటిష్ రైల్ గురించి తరువాతి కాలంలో ప్రచారమైనంత చెడ్డగా దాని చివరి దశ లేదు. 1976లో గంటకు 125 మైళ్ల, అంటే 200 కిలోమీటర్ల వేగంతో నడిచే డీజిల్ బండ్లను ప్రవేశపెట్టి దూరప్రయాణాన్ని మార్చివేసింది. 1982 నుంచి సంస్థను దూరప్రయాణం, లండన్ పరిసరాలు, ప్రాంతీయం, సరుకులు వంటి విభాగాలుగా చేసి, ప్రతి విభాగానికీ ఖర్చు, రాబడి బాధ్యత అప్పగించింది. దూరప్రయాణాలు చూసే ఇంటర్‌సిటీ విభాగం దశాబ్దం చివరికి లాభాల్లోకి వచ్చింది కూడా. కాని ప్రభుత్వం ఏటా పెట్టుబడిని కోసివేస్తుండడం వల్ల పాత సామగ్రి, అలసిన సిబ్బంది మిగిలారు. 1988 డిసెంబర్ 12న లండన్ క్లాపమ్ జంక్షన్ దగ్గర 35 మంది ప్రాణాలు తీసిన ప్రమాదానికి సిగ్నల్ తీగను సరిగ్గా తొలగించకుండా వదలడం కారణమని, ఆ పొరపాటు వెనుక విరామం లేని పనిగంటలు ఉన్నాయని విచారణ తేల్చింది.

మార్గరెట్ థాచర్ ప్రభుత్వం రైల్వే హోటళ్లను, ఓడలను, పెట్టెల కర్మాగారాలను అమ్మింది గాని, రైల్వే జోలికి పోవడానికి సందేహించింది. ఆ పని జాన్ మేజర్ ప్రభుత్వానిది. 1993 రైల్వే చట్టం ప్రకారం బ్రిటిష్ రైల్‌ను వందకు పైగా సంస్థలుగా విడగొట్టారు. పట్టాలు, సిగ్నళ్లు, స్టేషన్ల ఆస్తి రైల్‌ట్రాక్ అనే కంపెనీకి చెందింది. ప్రయాణికుల బండ్లను నడిపే హక్కును 25 ముక్కలుగా చేసి, నిర్ణీత కాలానికి ఫ్రాంచైజీలుగా వేలం వేశారు. అంటే తక్కువ సబ్సిడీ అడిగినవారికి, లేదా ఎక్కువ సొమ్ము కడతామన్నవారికి ఆ మార్గాలమీద బండ్లు నడిపే అనుమతి లభిస్తుంది. ఆ బండ్లు కూడా నడిపేవారివి కావు. ఇంజన్లు, పెట్టెలు మూడు కంపెనీల సొత్తయి, అద్దెకు తిరగసాగాయి. ప్రభుత్వం సుమారు 53 కోట్ల పౌండ్లకు అమ్మిన పోర్టర్‌బ్రూక్ అనే అద్దెల కంపెనీ, ఏడాది తిరగకముందే సుమారు 82 కోట్ల 50 లక్షల పౌండ్లకు చేతులు మారడం ప్రజల ఆస్తిని ఎంత చౌకగా వదిలించుకొన్నారో తెలుపుతుంది.

ఈ ఏర్పాటులో బండి ఆలస్యమైతే ఎవరు ఎవరికి పరిహారం కట్టాలన్నదే నిత్యవివాదమయింది. మూడు నిమిషాలు, అంతకు మించిన ప్రతి ఆలస్యానికీ కారకులెవరో తేల్చడానికి రైల్‌ట్రాక్‌లోనూ కంపెనీలలోనూ ప్రత్యేక సిబ్బంది ఏర్పడ్డారు. ఒకప్పుడు ఒకే సంస్థలోని ఇంజనీరూ డ్రైవరూ మాట్లాడుకొని సర్దుకొనే విషయం ఇప్పుడు ఒప్పందాల భాషలో నడవసాగింది.

1996 మేలో రైల్‌ట్రాక్ వాటాలను సుమారు 190 కోట్ల పౌండ్లకు మార్కెట్‌లో అమ్మారు. పట్టాల నిర్వహణను అది వేరే కాంట్రాక్టు కంపెనీలకు ఇచ్చివేయడంతో, ఏ మార్గంలో ఏ పట్టా ఏ స్థితిలో ఉన్నదో తెలిపే సమగ్రమైన పట్టిక కూడా దాని దగ్గర లేకపోయింది. దీని ఫలితం 2000 అక్టోబర్ 17న లండన్‌కు ఉత్తరాన హాట్‌ఫీల్డ్ దగ్గర బయటపడింది. గంటకు 115 మైళ్ల వేగంతో లీడ్స్ వెళుతున్న బండి కింద, ఒక వంపులో పట్టా మూడు వందలకు పైగా ముక్కలయి, నలుగురు చనిపోయారు. చక్రాల ఒరిపిడికి పట్టా లోపలి అంచున పుట్టే సన్నని పగుళ్లు లోతుకు పాకడం వల్ల ఇది జరిగింది. ఆ పట్టా దెబ్బతిన్నదని నెలల ముందే గుర్తించినా మార్చలేదు. ఇటువంటి పగుళ్లు ఇంకెక్కడెక్కడ ఉన్నాయో తెలియని రైల్‌ట్రాక్, దేశమంతటా వెయ్యికి పైగా చోట్ల వేగాన్ని తగ్గించమని ఆదేశించగా, నెలల తరబడి రైళ్ల రాకపోకలు అస్తవ్యస్తమయ్యాయి. హాట్‌ఫీల్డ్‌లో మృతులు తక్కువే. ఏడాది ముందు లాడ్‌బ్రోక్ గ్రోవ్‌లో ఎర్ర సిగ్నల్ దాటిన బండి వల్ల 31 మంది మరణించారు. కాని విభజన ఎక్కడ ప్రాణాంతకమో కళ్లకు కట్టినది హాట్‌ఫీల్డే: పట్టాకు హాని చేస్తున్న చక్రం ఒకరిది, పట్టా మరొకరిది, దానిని సరిచేయవలసిన చెయ్యి మూడో సంస్థది.

ఆ సంవత్సరం 53 కోట్ల 40 లక్షల పౌండ్ల నష్టం ప్రకటించిన రైల్‌ట్రాక్, ప్రభుత్వం దగ్గర సాయం తీసుకొంటూనే వాటాదారులకు 13 కోట్ల 70 లక్షల డివిడెండు పంచింది. ఇందులో చట్టవిరుద్ధమేమీ లేకపోయినా, సమర్థించుకోగల న్యాయమూ కనిపించదు. లండన్ నుంచి గ్లాస్గో వెళ్లే పశ్చిమతీర ప్రధానమార్గాన్ని కొత్త సిగ్నల్ విధానంతో గంటకు 140 మైళ్ల వేగానికి తెస్తామన్న దాని ప్రణాళిక కూడా, ఆ విధానం తయారే కాకపోవడంతో తలకిందులై, సుమారు 200 కోట్ల అంచనా 900 కోట్లకు చేరింది. 2001 అక్టోబర్‌లో ప్రభుత్వం రైల్‌ట్రాక్‌ను దివాలా తరహా ప్రత్యేక నిర్వహణలో పెట్టింది; మరుసటి ఏడాది లాభాపేక్ష లేని నెట్‌వర్క్ రైల్ అనే సంస్థ పట్టాలను తీసుకొని, నిర్వహణ పనిని కాంట్రాక్టర్ల నుంచి తన సిబ్బందికి మార్చుకొన్నది.

ప్రైవేటీకరణ తరువాత ప్రయాణాలు తగ్గలేదు, రెట్టింపయ్యాయి. 1990ల మధ్య సుమారు 73 కోట్లు ఉన్నవి 2018–19 నాటికి 170 కోట్లు దాటాయి. ఆర్థికవృద్ధి, లండన్ చుట్టూ ఉద్యోగాలు పెరగడం, రోడ్ల రద్దీ ఇందుకు చాలావరకు కారణాలు కాగా, కంపెనీలు చౌక ముందస్తు టికెట్లతో, అదనపు బండ్లతో జనాన్ని ఆకర్షించిన మాటా నిజమే. అయినా ఖజానా భారం తగ్గుతుందన్న వాగ్దానం నెరవేరలేదు. 2000ల మధ్యకు ప్రభుత్వ సాయం బ్రిటిష్ రైల్ కాలంకన్న చాలా రెట్లు పెరిగింది. నష్టభయం ప్రైవేటువారిదన్న మాట కూడా నిలవలేదు. లండన్–ఎడిన్‌బరో తూర్పుతీర మార్గపు ఫ్రాంచైజీ 2007లో, 2009లో, 2018లో మూడుసార్లు గడువుకు ముందే ముగియగా, చివరి రెండుసార్లూ ప్రభుత్వమే ఆ బండ్లను నడిపింది. ఇంగ్లండ్ రైళ్లను సొంత ప్రభుత్వం నడపకూడదన్న పట్టుదల ఉన్న రోజుల్లోనే, జర్మన్, డచ్, ఫ్రెంచ్, ఇటాలియన్ ప్రభుత్వ రైల్వేల అనుబంధ సంస్థలు వాటిని నడిపి లాభాలను తమ దేశాలకు తీసుకొనిపోవడం ఈ విధానంలోని డొల్లతనానికి నిదర్శనం.

2018 మేలో కొత్త సమయపట్టిక విఫలమై ఉత్తర ఇంగ్లండ్‌లోనూ లండన్ పరిసరాల్లోనూ రోజుకు వందల బండ్లు రద్దయినప్పుడు, ఆ పట్టికకు మొత్తంగా బాధ్యుడైనవాడు ఒక్కడూ లేడని తేలింది. 2020లో కోవిడ్ వల్ల ప్రయాణికులు లేకపోగా ఫ్రాంచైజీల నష్టాన్ని ప్రభుత్వమే భరించి, ఆ పద్ధతికే ముగింపు పలికింది. 2024 నవంబర్‌లో ఆమోదం పొందిన చట్టం ప్రకారం ఫ్రాంచైజీ గడువు తీరిన బండ్లు ఒకదాని తరువాత ఒకటి ప్రభుత్వానికి వస్తున్నాయి. 2025 మే 25న సౌత్ వెస్టర్న్ రైల్వే ఈ చట్టం కింద మొదట చేరింది. పట్టాలనూ బండ్లనూ ఒకే యాజమాన్యం కిందికి తెచ్చి గ్రేట్ బ్రిటిష్ రైల్వేస్ అనే సంస్థను స్థాపించాలన్నది తరువాతి అడుగు. సరుకు బండ్ల కంపెనీలు మాత్రం ప్రైవేటుగానే కొనసాగుతాయి; ఇంజన్లనూ పెట్టెలనూ అద్దెకిచ్చే కంపెనీలను కొనే ఆలోచన ప్రభుత్వానికి లేదు కాబట్టి, 1990లలో చౌకగా అమ్ముడుపోయిన ఆ వ్యాపారానికి ప్రయాణికుల టికెట్టు సొమ్ము అద్దెగా చేరుతూనే ఉంటుంది.